తల్లికి కూడా చెప్పండి

పిల్లలు ఐసీయూలో ఉన్నప్పుడు మన ఇళ్ళల్లో గుసగుసగా చెప్పుకునే మాట ఒకటుంది: "వాళ్ళమ్మకి ఇప్పుడే చెప్పొద్దు." డాక్టరు ఏం చెప్పారో తాతకి తెలుసు, నాయనకి తెలుసు, ఊరి నుంచి కారు తోలుకొచ్చిన పక్కింటి అన్నకి తెలుసు, ఫోన్లో బెంగళూరు మామకి కూడా తెలుసు. తలుపు పక్కన కూర్చున్న తల్లికి మాత్రం "బాగుందంట, భయపడొద్దన్నారు" అని చెప్తారు. ప్రేమతోనే చేస్తారు, నేను కాదనను. అయినా ఈ అలవాటు తప్పని నా అభిప్రాయం. చదువుకుంటున్న ఆడపిల్లలం మనం కనీసం మన ఇళ్ళల్లోనైనా దీన్ని ఆపాలి.

"గోడపత్రికలో ఆస్పత్రి గురించి ఏంటే, పండగ గురించి రాయరాదా" అని మా క్లాసులో ఒకమ్మాయి అడిగింది. పండగ గురించి ఎవరైనా రాస్తారు. ఆస్పత్రిలో డాక్టరు చెప్పింది ఇంట్లోవాళ్ళకి తెలుగులో చెప్పే పని మాత్రం రేపు మనలో చాలామందికి తప్పదు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, పుస్తకంలో ఇంగ్లీషు చదివిన పిల్ల ఎవరంటే మనమే కదా. "నువ్వు చదువుకున్నదానివి, రా, డాక్టరు ఏమంటా ఉండారో విను" అని పిలిచేది మనల్నే. ఆ పిలుపు వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే అనుకుని ఉంటే మంచిది.

మాది ఊత్తంగరై. క్రిష్ణగిరి నుంచి తిరువణ్ణామలై పోయే దారిలో ఉంది. జ్వరానికీ, కాన్పుకీ ఊళ్ళో ఆస్పత్రి ఉంది. దాన్ని మించితే క్రిష్ణగిరి, ధర్మపురి, సేలం, వేలూరు, బెంగళూరు, ఏదో ఒక దారి పట్టాల్సిందే. తమిళనాడులో 108 బండ్లు 2008 నుంచి తిరుగుతున్నాయి. క్రిష్ణగిరిలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 2022 జనవరిలో మొదలైంది, ఆ రోజు రాష్ట్రంలో ఒక్కసారిగా మొదలైన 11 కాలేజీల్లో అది ఒకటి. అంటే ముందుకంటే ఇప్పుడు బిడ్డని వైద్యం దగ్గరికి చేర్చడం సులభమే. చేరిన తరువాత తలుపు బయట జరిగేదాని గురించి ఎవరూ మాట్లాడరు. పెద్దూరికి పోయేకొద్దీ భాష మారుతుంది. బోర్డు మీద "తీవిర సికిచ్చై పిరివు" అని తమిళం, కింద ఇంగ్లీషు. బెంగళూరు పోతే కన్నడం. లోపల నర్సు మలయాళం అమ్మాయి అయినా ఆశ్చర్యం లేదు. మా అవ్వకి ఇవన్నీ కలిపి ఒకటే పేరు: "లోపల".

నాకు ఈ విషయం తెలిసింది మా చిన్నమ్మ కూతురి వల్ల. అప్పుడు నేను ప్లస్ టూ, దీపావళి సెలవలు. పాపకి ఆరేళ్ళు. చిన్నమ్మది కుప్పం పక్క పల్లె. పెళ్ళై మా ఊరికి వచ్చి ఏడేళ్ళు దాటినా కూరగాయల అంగట్లో బేరమాడేంత తమిళమే వచ్చింది. పాపకి నాలుగు రోజులు జ్వరం కాసింది. అయిదో రోజు జ్వరం దిగింది, ఇల్లంతా హమ్మయ్య అనుకుంది. ఆ సాయంత్రం కడుపునొప్పి అని ముడుచుకుని పడుకుంది, చేతులూ కాళ్ళూ చల్లగా అయినాయి. ఊళ్ళో చూపిస్తే డెంగీ అని చెప్పి వెంటనే పెద్దాస్పత్రికి పంపించారు. మన జిల్లా దాటి ఒక పెద్దూళ్ళో తొమ్మిది రోజులు ఐసీయూలో ఉంది. అందులో నాలుగు రోజులు వెంటిలేటర్ మీద.

డెంగీ గురించి అప్పుడు తెలుసుకున్నది అందరికీ పనికొస్తుంది కాబట్టి ఇక్కడే చెప్తాను. మనోళ్ళు ప్లేట్‌లెట్ కౌంటు ఒక్కటే పట్టుకుంటారు. "లక్షకి దిగిందా, యాభై వేలకి దిగిందా" అని అడుగుతారు, బొప్పాయి ఆకు రసం తెస్తారు. డాక్టర్లు కౌంటు ఒక్కటే చూసి ప్రమాదం తేల్చరు. డెంగీలో అసలు గండం జ్వరం దిగే సమయంలో వస్తుంది. జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు లోపల, రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోయి రక్తపోటు పడిపోవచ్చు. ఆ నీరు పొట్టలోనూ, ఊపిరితిత్తుల చుట్టూనూ చేరుతుంది. సాధారణంగా ఒకటి రెండు రోజులు ఆ గండం ఉంటుంది. ఆగని వాంతులు, గట్టి కడుపునొప్పి, చిగుళ్ళ నుంచి రక్తం, మగతగా పడిపోవడం, చల్లబడిన చేతులు, ఒంటికి పోవడం తగ్గిపోవడం, వీటిలో ఏది కనబడినా జ్వరం లేదు కదా అని ఇంట్లో ఉంచుకోకూడదు. మరి ఈ గుర్తులు ఎవరికి ముందు కనబడతాయి? రాత్రి పక్కన పడుకునే తల్లికే కదా. బిడ్డ ఎన్నిసార్లు ఒంటికి పోయిందో ఆమెకే తెలుసు.

ఇప్పుడు ఆస్పత్రికి వస్తాను. అక్కడ ఉదయం 11 గంటలకి ఒక మనిషిని లోపలికి పిలిచి అయిదు నిమిషాలు మాట్లాడేవాళ్ళు. మా చిన్నాయన పోయేవాడు. ఇంగ్లీషు కలిపిన తమిళంలో చెప్తే ఆయనకి సగం అర్థమయ్యేది. ఆ సగాన్ని తాతకి చెప్పేవాడు. తాత అందులో భయపెట్టేది తీసేసి నాయనకి చెప్పేవాడు. నాయన అవ్వకి చెప్పేవాడు. అవ్వ చిన్నమ్మ తల నిమిరి "ఏం లేదు లేమ్మా" అనేది. పదకొండు గంటల మాట చిన్నమ్మ దగ్గరికి వచ్చేసరికి "ఏం లేదు" అనే ఒక్క ముక్క మిగిలేది.

మూడో రోజు చిన్నాయనతో పాటు నన్ను కూడా పంపించారు. డాక్టరమ్మ బాగానే చెప్పింది, తొందరలో చెప్పినా మర్యాదగా చెప్పింది. ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరింది, పాప సొంతంగా ఊపిరి తీయలేకపోతోంది కాబట్టి మిషన్ పెట్టాం, మిషన్‌తో కొట్లాడకుండా నిద్ర మందు ఇస్తున్నాం, రాబోయే రెండు రోజులు కష్టం, రక్తపోటు నిలబెట్టే మందు కొద్దికొద్దిగా తగ్గించగలిగితే అదే మంచి గుర్తు, అని. బయటికి రాగానే తాత నా చెయ్యి పట్టుకుని, "మీ చిన్నమ్మకి ఏమీ చెప్పొద్దు పాపా, ఆమె తట్టుకోలేదు" అన్నాడు.

నేను చెప్పాను. ఆ సాయంత్రం నీళ్ళ కుళాయి దగ్గర, డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు, మన ఇంటి తెలుగులో చెప్పాను. చిన్నమ్మ గోడకి ఆనుకుని ఏడ్చింది. పది నిమిషాలు ఏడ్చింటుంది. తరువాత ముఖం కడుక్కుని మూడు ప్రశ్నలు అడిగింది. "ఆ మిషన్ తీస్తే తనే ఊపిరి తీసుకునేది ఎట్లా తెలుస్తుంది? నిద్ర మందులో ఉంటే మనం పిలిస్తే వినపడుతుందా? ఇంజెక్షన్లు ఏమేమి వేస్తా ఉండారు?" ఈ మూడో ప్రశ్న ఎందుకో నాకు అర్థం కాలేదు. ఆమె చెప్పింది: పాప రెండేళ్ళప్పుడు కుప్పంలో ఒక ఇంజెక్షన్ వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి పెదాలు వాచినాయంట. ఆ చీటీ పుట్టింట్లో ట్రంకు పెట్టెలో ఉంది. చిన్నాయనకి ఆ సంగతే గుర్తు లేదు. మరుసటి రోజు చీటీ ఫోటో ఫోన్లో తెప్పించి చూపిస్తే డాక్టరమ్మ కేసు షీటు పైన ఎర్ర ఇంకుతో రాసుకుంది. మూడు రోజులుగా ఆ మాట తెలిసిన మనిషి తలుపు బయటే కూర్చుని ఉంది. ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు, అందుకే ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు కూడా. చెప్పడం, అడగడం రెండూ ఒకే దారిలో నడుస్తాయి. ఒకటి మూసేస్తే రెండోది కూడా మూసుకుపోతుంది.

ఇంట్లో నన్ను రెండు రోజులు తిట్టారు. సరే.

ఆరో రోజు డబ్బు మాట వచ్చింది. ముఖ్యమంత్రి కాప్పీటు తిట్టం గురించి మీకు తెలిసే ఉంటుంది. 2012లో మొదలైంది, ఇప్పుడు తగిన ఆదాయం లోపల ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం ఇస్తుంది. కార్డు ఎక్కడుంది అని మగవాళ్ళందరూ ఫోన్ల మీద ఫోన్లు చేస్తుంటే, బియ్యం డబ్బా వెనక నీలం కవరులో ఉందని చిన్నమ్మ చెప్పింది. కార్డు ఉన్నా పరిగెత్తే ఖర్చులు, బయట కొనే మందులు, మనుషుల తిండి, లాడ్జి ఉంటాయి. అప్పటికే అప్పు చేసినారు. మెట్ల దగ్గర పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుతుంటే మా పెద్దత్త అనేసింది: "ఎంత దాకని పెడతారు? ఆడబిడ్డే కదా. ఊరికి తీసుకుపోయి దేవుడి మీద భారం వేద్దాం."

ఈ మాట విని మనకి కోపం రావచ్చు, ఆశ్చర్యం మాత్రం రాకూడదు. 1992లో తొట్టిల్ కుళందై తిట్టం, అంటే ఆడబిడ్డని చంపొద్దు, మా ఊయలలో వదిలేయండి అని ప్రభుత్వమే బతిమాలిన పథకం, మొదలైంది పక్కనున్న సేలం జిల్లాలో. 2001లో దాన్ని ధర్మపురికి కూడా తెచ్చారు. అప్పటికి మన క్రిష్ణగిరి ధర్మపురిలోనే ఉంది, విడిపోయింది 2004లో. కాబట్టి పెద్దత్త మాట ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు, ఈ నేలలో ఉన్నదే.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడుంది. తల్లికి సంగతి తెలియకపోతే, మెట్ల దగ్గర జరిగే ఆ మాటలో ఆమెకి చోటే ఉండదు. "ఏం లేదు లేమ్మా" అని చెప్పిన మనిషిని పిలిచి "ఇంటికి తీసుకుపోదామా" అని ఎట్లా అడుగుతారు? అడగరు. తేల్చేసి చెప్తారు. చిన్నమ్మకి సంగతి తెలుసు కాబట్టి లేచి వచ్చి నిలబడింది. "రక్తపోటు మందు నిన్నటికీ ఈ రోజుకీ సగం తగ్గించినారు. రేపు మిషన్ తగ్గించి చూస్తామన్నారు. రేపటి దాకా ఎవరూ ఊరు మాట ఎత్తొద్దు. నా గొలుసు ఉండాది" అంది. గట్టిగా కూడా అనలేదు. ఆమె నోట్లో ఆస్పత్రి మాటలు విని తాత తల దించుకున్నాడు. పెద్దత్త మారు మాట్లాడలేదు. మా చిన్నమ్మ ఏడేళ్ళలో ఆ ఇంటి పెద్దల ముందు అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడటం నేను అదే చూడటం.

పాప బతికింది. ఇప్పుడు రెండో క్లాసు. చిన్నమ్మకి చెప్పినందుకు పాప బతికిందని నేను అనను. బతికించింది డాక్టర్లు, నర్సులు, మందులు, సమయానికి దొరికిన బండి. కానీ ఆ రోజు ఊరికి తీసుకుపోయి ఉంటే అవేవీ పని చేసేవి కావు కదా.

అదే వరండాలో ఇంకొక తల్లి ఉండేది, తిరుపత్తూరు పక్కనుంచి వచ్చింది. బాబుకి ఎనిమిది నెలలు. ఆమె మా దగ్గర దువ్వెన అడిగి తీసుకునేది. ఆమెకి కూడా వాళ్ళవాళ్ళు రోజూ "కన్ను తెరిచినాడంట" అని చెప్పేవాళ్ళు. ఒక రాత్రి "నువ్వు పోయి కాస్త నిద్రపో" అని లాడ్జికి పంపించేశారు. పొద్దున ఆమె ఉతికిన బాబు బట్టలు సంచిలో పెట్టుకుని వచ్చింది. రాత్రే అయిపోయిందని వాళ్ళందరికీ తెలుసు. ఆమెకి మెట్ల కిందే చెప్పారు. బాబు వేలు పట్టుకుని కూర్చోగలిగిన ఆ చివరి కొన్ని గంటలు ఆమెకి మళ్ళీ ఎవరు ఇస్తారు? ఆమె మేలు కోరే పంపించారు. మేలు కోరి చేసిన పని ఇంత అన్యాయంగా కూడా ఉండొచ్చని నేను అక్కడ చూశాను.

"తల్లి తట్టుకోలేదు" అనే మాటని తీసుకుందాం. ఇది మనకే ఉన్న మాట కాదు. ఇంగ్లండులో ఒకప్పుడు ఆస్పత్రిలో ఉన్న పిల్లల్ని చూడటానికి తల్లిదండ్రుల్ని రోజూ రానిచ్చేవాళ్ళు కాదు, కొన్నిచోట్ల వారానికి ఒకసారే. కారణం ఏం చెప్పేవాళ్ళంటే, అమ్మ వచ్చి పోతే బిడ్డ ఏడుస్తుంది, రాకపోతే నెమ్మదిగా ఉంటుంది, కాబట్టి రాకపోవడమే మేలు అని. 1952లో జేమ్స్ రాబర్ట్‌సన్ అనే ఆయన ఆస్పత్రిలో ఉన్న ఒక రెండేళ్ళ పాపని సినిమా తీసి డాక్టర్లకి చూపించాడు. నెమ్మదిగా ఉన్న బిడ్డ బాగున్నట్టు కాదు, ఆశ వదులుకుని మూగబోయినట్టు అని ఆ సినిమాలో కనబడింది. చాలామంది డాక్టర్లకి కోపం వచ్చింది. అయినా 1959లో హ్యారీ ప్లాట్ అధ్యక్షతన వచ్చిన ప్రభుత్వ కమిటీ నివేదిక, తల్లిదండ్రుల్ని ఎప్పుడైనా రానివ్వాలి, చిన్నపిల్లల దగ్గర తల్లి ఉండే వీలు కల్పించాలి అని చెప్పింది.

మన వరండాల్లో మూగబోయేది తల్లి. ఏమీ అడగకుండా కూర్చుంటే "ధైర్యంగా ఉండాది" అని మెచ్చుకుంటాం. చెప్తే ఏడుస్తుంది కాబట్టి చెప్పకపోవడమే మేలు అంటాం. ఏడవడం జబ్బు కాదు. చిన్నమ్మ పది నిమిషాలు ఏడ్చింది, తరువాత అందరికంటే మంచి ప్రశ్నలు అడిగింది.

రెండో అభ్యంతరం ఆస్పత్రి వైపు నుంచి వస్తుంది. లోపలికి ఎక్కువమంది పోతే క్రిములు పోతాయి, రద్దీ అవుతుంది, డాక్టర్లకి సమయం లేదు. ఇది నిజమే, నేను ఎగతాళి చేయను. పుట్టిన పిల్లల వార్డులో క్రిములు ఎంత ప్రమాదమో వాళ్ళకే తెలుసు. అయితే అక్కడే దారి కూడా దొరికింది. ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆస్పత్రిలో, జబ్బుతో ఉన్న పసిపిల్లల వార్డులోకి తల్లిదండ్రుల్ని రానిచ్చి, చేతులు కడగడం దగ్గర నుంచి పాలు పట్టడం, ప్రమాద గుర్తులు చూడటం దాకా నేర్పించి, వాళ్ళ చేత చేయించారు. ఆ పద్ధతి మీద 2017లో కేంద్ర ఆరోగ్యశాఖ దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. తరువాత 2021లో ఒక పెద్ద పరిశోధన వచ్చింది. మన దేశంతో పాటు ఘానా, మలావి, నైజీరియా, టాంజానియాల్లోని అయిదు ఆస్పత్రుల్లో, తక్కువ బరువుతో పుట్టిన 3,211 మంది పిల్లల్ని చూశారు. పుట్టిన వెంటనే తల్లి గుండెకి ఆనించి, తల్లిని కూడా ఐసీయూలోనే ఉంచిన పిల్లల్లో 28 రోజుల లోపల చనిపోయినవాళ్ళు 12 శాతం. మామూలు పద్ధతిలో, ముందు బిడ్డ కుదుటపడాలి తరువాతే తల్లి అన్నచోట 15.7 శాతం. మన దేశం నుంచి అందులో ఉన్నది ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి.

అది పసిగుడ్ల లెక్క, ఆరేళ్ళ పాపకి అట్లే వర్తించదు, ఒప్పుకుంటాను. అందరు తల్లుల్ని ఐసీయూ మంచం పక్కన కూర్చోబెట్టండి అని కూడా నేను అడగడం లేదు. తల్లి లోపల ఉంటే క్రిములు వస్తాయన్నచోటే తల్లి లోపల ఉండి పిల్లలు ఎక్కువమంది బతికారు. అట్లాంటప్పుడు తల్లికి ఒక మాట చెప్పడం వల్ల ఏ క్రిమి పోతుంది? పిలిచేది ఒక్కరినే అయితే ఆ ఒక్కరు తల్లి ఎందుకు కాకూడదు? లేదా ఆ ఒక్కరితో పాటు తల్లి ఎందుకు నిలబడకూడదు? సమయం అదే అయిదు నిమిషాలు కదా.

సంతకం సంగతి కూడా చూద్దాం. మేమున్నచోట ప్రతి కాగితానికీ "నాన్న ఎక్కడ" అనే అడిగేవాళ్ళు. చట్టంలో తల్లికి చోటు లేదని చాలామంది అనుకుంటారు. 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం, సంరక్షకుడు తండ్రి, ఆయన "తరువాత" తల్లి అని రాసింది. రచయిత్రి గీతా హరిహరన్ తన కొడుకు పేరున రిజర్వు బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం కావాలన్నారు. ఆమె సుప్రీంకోర్టుకి పోయింది. 1999లో కోర్టు, "తరువాత" అంటే తండ్రి చనిపోయిన తరువాత అని మాత్రమే కాదు, తండ్రి పక్కన లేనప్పుడు కూడా అని చెప్పింది. తండ్రి ఉండగా తల్లికి సమాన స్థానం అని కోర్టు పూర్తిగా అనలేదు, కానీ తలుపు కొంచెం తెరుచుకుంది. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో 17 హక్కులున్నాయి. జబ్బు గురించి, వైద్యం గురించి తమకి అర్థమయ్యే భాషలో తెలుసుకునే హక్కు అందులో ఉంది. కాబట్టి "మా చిన్నమ్మకి కూడా చెప్పండి, తెలుగులో నేను చెప్తాను, మీరు పక్కనుండండి" అని అడగడం పొగరు కాదు.

ఇక మన వంతు. మధ్యలో నిలబడి ఒక భాషలోంచి ఇంకో భాషలోకి చెప్పే పిల్ల మీద అందరూ ఒత్తిడి పెడతారు. "మెత్తగా చెప్పు" అంటారు. మెత్తగా చెప్పడం వేరు, మార్చి చెప్పడం వేరు. "రెండు రోజులు కష్టం" అనేదాన్ని తల్లి చెయ్యి పట్టుకుని చెప్పొచ్చు. "బాగుంది" అని మాత్రం చెప్పకూడదు. నాకు ఆ వరండాలో ఉపయోగపడినవి కొన్ని రాస్తున్నాను.

ఒక నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ వేసి, డాక్టరు చెప్పిన మాటలు అప్పుడే రాసుకోండి. రాత్రి అదే తల్లికి చదివి వినిపించండి, అప్పుడు తాతకీ, మామకీ కూడా అదే మాట పోతుంది, మధ్యలో ఎవరూ ఏమీ తీసేయలేరు.

రోజూ మూడే ప్రశ్నలు అడగండి: ఈ రోజు బిడ్డకి అన్నిటికంటే పెద్ద ప్రమాదం ఏది? దానికి ఏం చేస్తున్నారు? రేపు ఏది చూసి బాగవుతోందని అనుకోవాలి? ఈ మూడింటికి జవాబు అయిదు నిమిషాల్లో వస్తుంది.

పోయే ముందు తల్లిని అడగండి, "డాక్టరుకి చెప్పాల్సింది ఏమైనా ఉందా?" పడని మందులు, పాత జబ్బులు, పుట్టినప్పటి సంగతులు ఆమె దగ్గరే ఉంటాయి.

మిగతావాళ్ళకి కూడా పని పంచండి. ఒకరు తిండి, ఒకరు కాగితాలు, ఒకరు ఇంట్లో ఉన్న ఇంకో బిడ్డ. పనిలేని పది మంది వరండాలో కూర్చుంటేనే పుకార్లు పుడతాయి.

చివరిగా మన డిపార్ట్‌మెంటుకి ఒక విన్నపం. ఆ తొమ్మిది రోజుల్లో నాకు ఎక్కువ కష్టమైంది తెలుగు మాటలు దొరకడం. "కృత్రిమ శ్వాస యంత్రం" అంటే చిన్నమ్మకి అర్థం కాదు, "గాలి మిషన్" అంటే అవుతుంది. నిద్ర మందుని "మత్తు" అంటే ఆమె భయపడింది, "నొప్పి తెలియకుండా నిద్ర పుచ్చినారు" అంటే నెమ్మదించింది. పుస్తకం తెలుగు ఒకటి, హోసూరు తెలుగు ఒకటి, మా ఊత్తంగరై తెలుగు ఇంకొకటి. ఆస్పత్రిలో వినబడే ఒక యాభై మాటలకి మన ఇళ్ళల్లో అర్థమయ్యే తెలుగు, పక్కన తమిళం రాసి ఒక చార్టు చేద్దాం. మేడమ్‌లు ఒప్పుకుంటే దాన్ని జెరాక్స్ తీసి, సెలవలకి ఇంటికి పోయేటప్పుడు ఒక్కొక్కరం ఒక్కొక్కటి తీసుకుపోదాం. వెంటిలేటర్, సెలైన్, ఇన్ఫెక్షన్, ఆపరేషన్‌కి ముందు పెట్టే సంతకం, వీటిని మీ అవ్వ ఏమంటుందో అడిగి, చీటీ మీద రాసి, మీ ఊరి పేరు వేసి ఈ బోర్డు కింద అంటించండి. మొదటి చీటీ నాది. "గాలి మిషన్", ఊత్తంగరై.